ఏడో బండి

డెబ్బైల చివర్లో మద్రాసు పక్కన, యుద్ధకాలం నాటి విమానాల మైదానంలో ఏటా కార్ల పందేలు జరిగేవి. వాటిలో అన్నిటికంటే పెద్ద పందెంలో ఆరు జట్లుండేవి. తిరుపతి నుంచి నాదొక్కటే. బస్సుల ఇంజన్లు బాగుచేసే షెడ్డు నాది. తీరిక దొరికినప్పుడల్లా ఒక పాత కారును కోసి, అతికించి, పందెం బండి చేసుకున్నాను. ఊళ్ళోవాళ్ళు నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు. కడితే కట్టనీ, నాకేం!

కొత్త జట్టు చేరాలంటే ఉన్న ఆరుగురిలో నలుగురు చీటీ మీద ఒప్పుకోవాలి. అది నిర్వాహకులు పెట్టిన నియమం. ఎవరొప్పుకుంటారు? మద్రాసు వ్యాపారి ఒకాయన మా ఆరు బండ్లకు ఊరికే టైర్లిచ్చేవాడు. ఏడో బండి వస్తే మా వాటా తగ్గుతుందని లోపల భయం. పైకి మాత్రం దారి ఇరుకు, ప్రాణాలకు ప్రమాదం అని పెద్దమనుషుల్లా మాట్లాడేవాళ్ళం.

అలాంటప్పుడు చిత్తూరులో లేత్ మిషను మీద ఇనుప సామాన్లు చెక్కే భాయ్ బండి కట్టాడు. నాకు పని నేర్పింది ఆయనే. పిస్టన్ అరచేతిలో పెట్టుకుని ఎంత అరిగిందో చెప్పగలిగిన మనిషి. పెద్ద పందెంలో ఒక్కసారైనా తన బండి పరుగెత్తాలని రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నాడు. పాకాల రోడ్డు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాడు. ఆ ఇంజను పలికిన తీరు విని నా కడుపు మండింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది వట్టి కుళ్ళుమోతుతనం.

"నీ చీటీ నాకే గదబ్బా?" అన్నాడు భాయ్.

"అది నన్ను అడగాల్నా భాయ్?" అన్నాను.

పందేలకు ముందు ఏటా ఆరుగురం తిరుమల కొండెక్కి, మర్నాడు కాణిపాకంలో బండ్లకు పూజ చేయించేవాళ్ళం. కాణిపాకం వినాయకుడి ముందు ఒట్టేసి తప్పాలంటే మా జిల్లాలో ఎంత మొనగాడైనా జంకుతాడు. తెగని తగాదాలన్నీ అక్కడే తెగుతాయి. "కొత్తోళ్ళకు వద్దనే రాస్తామని ఈడ్నే ప్రమాణం చేద్దాంపా" అని ఆ ఏడు ఒకడు లేవదీశాడు. ఆ ఒకడు ఎవడో కాదు, నేనే! నా చేత్తో నేను భాయ్‌ని ఆపినట్టు కాకుండా, దేవుడే ఆపినట్టుంటుందని నా ఎత్తు. ఆరుగురం కర్పూరం ముందు చేతులు చాపాం.

చీటీల రోజున "వద్దు" అని రాశాను. బలం చాలలేదని మాత్రం నిర్వాహకులు చెప్పారు. ఎవరేం రాశారో చెప్పలేదు. చిత్తూరు పోయి, "కాణిపాకంలో ఒట్టు పడింది భాయ్, నా చేతుల్లో ఏముండాది?" అన్నాను. ఒట్టు ఎవరి ఆలోచనో మింగేశాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"దేవుని ముందర ఒట్టేసినావు. నా కోసరం తప్పింటే నేనే నిన్ను మెచ్చను పో" అని టీ తెప్పించాడు. నెల తిరక్కుండా బండి విప్పి, ఆ ఇంజనును చెరకు గానుగకు బిగించాడు.

ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మానుకుని, రెండేళ్ళలో మా ఆరు నాలుగైంది, తర్వాత మూడైంది. మూడు బండ్ల పందెం చూడ్డానికి ఎవరొస్తారు? ఆ పందేన్నే ఎత్తేశారు. టైర్లు మాత్రం మిగిలాయి. ఏం చేసుకోను వాటిని, నా మొహం!

చాలా కాలానికి, ఆ ఆరుగురిలో ఒకడైన పుత్తూరాయన మా షెడ్డుకొచ్చాడు. మాటల్లో భాయ్ ప్రస్తావన వచ్చింది. ఒట్టుకు కట్టుబడి ఆయన్ని పోగొట్టుకున్నామని నేను నిట్టూర్చాను.

"ఏం కట్టుబడినాం లేప్పా! ఆ బండిని సూసినాక వద్దని రాసేదానికి చెయ్యి రాలే. మేం ముగ్గురం చేర్చుకోమనే రాసినాం. వినాయకుని ముందర గుంజిళ్ళు తీసి, తప్పయిందని చెప్పుకున్నాం. ఒట్టు మాట నువ్వే ఎత్తినా, పని నేర్పినోడికి నువ్వు వద్దని రాస్తావా, నీది ఎట్లా ఆయనకే గదా, నాలుగయితాయనుకున్నాం. యాడ తప్పిందో ఏమో" అన్నాడు.

పాతిక గుంజిళ్ళతో పోయేదానికి ఒక మనిషి కోరికను నేలపాలు చేశానే! ఈసారైనా నిజం కక్కేయాలని మర్నాడే చిత్తూరు బస్సెక్కాను.

భాయ్ లేత్ దగ్గర ఇద్దరు పనివాళ్ళతో ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"సూడండ్రా, మాటంటే ఈయనదే. నా మింద ఎంత ప్రేముండినా దేవునికి పెట్టిన ఒట్టు తప్పలే" అని వాళ్ళకు చెప్పి, తన కుర్చీ తుడిచి నా ముందుకు జరిపాడు.

ఆ కుర్చీలో కూర్చున్నాను.