టేపు అంచున చిన్న మడత

గత వారం అక్క నాంపల్లిలోని ఒక దవాఖానలో కన్నుమూశారు. ఆబిడ్స్ రిపేరు దుకాణాల వాట్సాప్ గ్రూపులో సంతాప సందేశాలు వరుసగా వచ్చాయి. వాటి నడుమ ఒకరు ‘ఊడే చిప్పుల అక్క’ అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టారు. అది తప్పని ఎవరూ అనలేదు. నేను అన్నాను; దాని కింద మరికొన్ని దండం బొమ్మలు వచ్చాయి. పోయిన మనిషికి ఆ పేరే మిగిలిపోకూడదు కనుక ఈ మాటలు ఇప్పుడే చెప్పవలసి వస్తోంది.

ఆమె నాకు బంధువు కారు. ఆబిడ్స్‌లో ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో, ఒకే దుకాణంలో మా బల్లలు పక్కపక్కన ఉండేవి. మెదక్ దగ్గరి క్రైస్తవ కుటుంబం వారిది. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి సోల్డరింగ్ చేసి, అది మూతపడ్డాక మా దుకాణం యజమాని సేఠ్ దగ్గర చేరారు. చాయ్ తాగితే చేయి వణుకుతుందని, తాగిన తరువాత కాసేపటి వరకు సన్నని పని ముట్టుకునేవారు కారు. “అక్క చాయ్ తాగింది, ఇగ దుకాణం బంద్” అని పక్క దుకాణాలవాళ్లు ఆటపట్టించేవారు. ఆమె ఖాళీ గ్లాసు ఎత్తి చూపి, తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకునేవారు.

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్‌లో, కంపెనీ ఒప్పుకోని గేములు కూడా నడిచేలా అదనపు చిప్పు అమర్చడం ఆమెకు అప్పగించే పని. అసలు ఆ చిప్పు పెట్టవచ్చా, కూడదా అన్న వాదన వేరు. అడిగి చేయించుకునేవారు మాత్రం వస్తూనే ఉండేవారు. గోరంత చిప్పును వెంట్రుకల్లాంటి తీగలతో అతికించడంతో ఆ పని పూర్తి కాదు. లోపల అది కదలకూడదు. పైన లోహపు మూత ఉంటుంది. చిప్పు జరిగి దానికి తగిలిందంటే బోర్డు మొత్తం పోతుంది. చాలామంది గ్లూ గన్నుతో ఇంత వేడి జిగురు పోసి వదిలేస్తారు. ఆడుతున్నకొద్దీ కన్సోల్ వేడెక్కుతుంది, గ్లూ మెత్తబడుతుంది. అక్క గ్లూ వాడలేదు. వేడికి ఆగే పసుపు రంగు టేపును చిప్పు కింద ఒక పొర, పైన ఒక పొర వేసి, తీగలను వాటి దారి వెంట అణిచి అంటించేవారు. చివరికి ప్రతి టేపుకూ ఒక మూలను బియ్యపు గింజంత మడిచేవారు.

ఆ మడత ఎందుకని అడిగాను.

“రేపు ఇంకెవరన్న తెరుస్తరు తమ్మీ. ఆళ్ల గోరుకు జర దొరకాలె గదా.”

ఆమె బిగించిన కన్సోల్ ఒకటి ఒకనాడు చచ్చి తిరిగి వచ్చింది. తెచ్చిన పెద్దమనిషి గట్టిగా అరుస్తుంటే సేఠ్ అక్క వైపు వేలు చూపించాడు. ఆమె అందరి ముందే దాన్ని తెరిచారు. నేనూ వంగి చూశాను. చిప్పు గ్లూ ముద్దతో సహా జరిగి మూతకు తగిలింది. కింది పొర టేపు ఆమెదే, మూల మడత కూడా చెదరలేదు. పై పొర లేదు. అంటే ఆమె తరువాత ఎవరో తెరిచారు; మళ్లీ టేపు వేసే ఓపిక లేక గ్లూ పోశారు.

“నా టేపు తీసిన్రు సేఠ్. నేను గ్లూ పెట్టను” అన్నారామె.

నేను బోర్డు చూపిస్తూ అదే మాట చెప్పాను. గిరాకీ ముందు పంచాయితీ వద్దని, నా బల్ల దగ్గరికి పొమ్మని సేఠ్ నన్ను కసిరాడు. చుట్టూ చేరినవారంతా ఈ పనివాళ్లే. ఏ పని ఎవరి చేతిదో చూడగానే చెప్పగలవారు. వారి దుకాణాలన్నీ సేఠ్ దగ్గర కిరాయికి ఉన్నవి. బోర్డు చూశారు, వెళ్లిపోయారు. కొద్దిరోజులకు సేఠ్ అక్కను ఇక రావద్దన్నాడు.

తరువాత ఆమె నాంపల్లిలో తన ఇంట్లోనే బల్ల వేసుకున్నారు. ‘ఊడే చిప్పుల’ పేరు ఆమెకంటే ముందే అక్కడికి చేరింది. వచ్చినవారు వస్తువు చేతిలో పెట్టకముందే “చిప్పు ఊడది గదా?” అని అడిగేవారు. మొదట్లో ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పారు. ఆ తరువాత చెప్పడం మానేశారు, కన్సోళ్లు తీసుకోవడమూ మానేశారు. వెంట్రుకంత తీగను ఊపిరి బిగబట్టి నిలబెట్టిన ఆ చేతులు చివరి సంవత్సరాలలో మిక్సీలకు వైర్లు మార్చాయి.

ఒకసారి వాళ్లింట్లో కూర్చుని, ఆ పాడుపని చేసినవాణ్ణి నేను తిట్టాను. ఆమె మిక్సీ గిన్నె తిప్పి చూసుకుంటూ అన్నారు: “మడత పట్టుకోని మంచిగనే తీసిండు తమ్మీ. కింది టేపుకు గీత గూడ పడలే.”

గిన్నెను మళ్లీ మిక్సీకి బిగించారు. ఆ మడత సంగతి తెలిసినవారు మా దుకాణంలోనివారే.

సమాధుల తోటకు సేఠ్ పెద్ద పూలచక్రంతో వచ్చాడు. బంగారం లాంటి చేయి అని పాస్టరుగారితో అన్నాడు. ప్రార్థన ముగిశాక పక్కకు పిలిచి, ఆనాడు ఆ కన్సోల్ తెరిచింది ఎవరని అడిగాను.

“గిప్పుడు గవన్నీ ఎందుకు భాయ్” అని, అతను వంగి పూలచక్రం రిబ్బను సరిచేశాడు. దాని మీద దుకాణం పేరు అందరికీ కనబడేలా తిప్పి, వెళ్లిపోయాడు. ఆ పూలు మట్టి మీద అలాగే ఉన్నాయి.

తెరిచింది ఎవరో సేఠ్‌కు తెలుసో లేదో నాకు తెలియదు. అక్కకు తెలిసే ఉంటుందని అనుకుంటాను. తెలిసీ ఎవరిని కాపాడారో, అసలు కాపాడారో లేదో, చెప్పలేను.