ఓర్వకల్లు అవతల నేను పిలిచిన హాజరు

పందొమ్మిది వందల యాభై రెండు వేసవి. పొద్దున ఆరున్నరకు మా నీళ్ళ లారీ ఓర్వకల్లు దాటి, రాళ్ళగుట్టల మధ్య ఒక పల్లెలో ఆగింది. కరువు డ్యూటీ. ఒక ట్యాంకు, ఒక వైర్‌లెస్ సెట్టు, నలుగురం. నేను పటాలంలో నాయక్ హోదా సిపాయిని. మాది మైదుకూరు, ఎండ నాకు చుట్టమే. ఆ ఊళ్ళో ఒక్క బావిలోనే చెంబు మునిగేంత నీరుంది.

ఇంటికి రెండు బిందెలు, గొడవ కాకుండా పంచమని ఆర్డరు. పటాలం అలవాటు ఊరుకుంటుందా? పేర్ల పట్టీ అడిగాను. కరణం ఊరి పట్టీతోపాటు ఒక పాత అట్ట పుస్తకం ఇచ్చి, అది ఎరుకల గూడేనిదన్నాడు. ముందూ వెనకా చూడకుండా అందులోని పేర్లు గట్టిగా పిలిచాను. తప్పంతా నాదే.

పద్దెనిమిది మంది వచ్చారు. ట్యాంకు వైపు చూడనైనా లేదు. ఎండలో వరసగా గొంతుక్కూర్చుని ఎడమ బొటనవేళ్ళు చాచారు.

అప్పుడు మొదటి పేజీ చదివాను. పుట్టుకతోనే దొంగలని తెల్లదొరలు ముద్రవేసి, రోజూ హాజరు పిలిచి వేలిముద్ర తీసుకున్న వాళ్ళ పట్టీ అది. చట్టం రద్దయి ఏళ్ళయింది. పుస్తకం చావలేదు.

"దొంగతనం వాళ్ళ నెత్తురులోనే ఉండాదప్పా. ఊరోళ్ళకు పోసినాక మిగిలితే పోద్దాంలే" అన్నాడు కరణం.

నలభై ఐదులో, యుద్ధం ముగిశాక, ఇటలీలో మా లారీ ఎక్కిన యూదు ముసలాయన గుర్తొచ్చాడు. చేతిమీద నాజీల శిబిరంలో పొడిచిన పచ్చబొట్టు అంకె. తొమ్మిదిమంది ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు. మా జాతి నెత్తురే చెడ్డదన్నారు, మొదట పేర్లే రాసుకున్నారు, చంపడం తర్వాత అని దుబాసీ చేత చెప్పించాడు.

వరసలో ముందున్న తాత మెల్లగా అడిగాడు. "కోడలు కాన్పయి మూడు దినాలు సామీ. బావికాడికి మమ్మల్ని రానియ్యరు. ముద్ర ఏసుకోని ఒక చెంబుడన్నా పొయ్యి."

సెట్టు అందుకుని కెప్టెన్‌కు సంగతి చెప్పాను.

"పుస్తకం మూసెయ్. బిందె తెచ్చిన ప్రతి మనిషికీ నీళ్ళు. ఓవర్."

హమ్మయ్య అనుకున్నాను. కరణం గొణిగాడు. మా డ్రైవరు ఆ పుస్తకాన్ని లారీ వెనక చక్రానికి అడ్డుపెట్టాడు. దానికి తగిన ఉద్యోగం దొరికింది.

తాత బిందె నింపాను. అందుకోలేదు, వేలు ఇంకా చాచే ఉంది. ముద్ర అక్కర్లేదని చెప్పి బిందెను ఆ చేతికే ఇచ్చాను. సాయంత్రం వచ్చి తల్లీ బిడ్డా బాగున్నారన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఇరవై రెండో రోజున వాన పడి మా డ్యూటీ ముగిసింది. బనగానపల్లె మామిడిపళ్ళ గంపతో ఇల్లు చేరాను. చాలా ఏళ్ళ తర్వాత నిశ్చింతగా నిద్రపోయాను.

ఇప్పటికీ ఎక్కడైనా సిరాపెట్టె తెరిస్తే ఆ తాత బొటనవేలే కనిపిస్తుంది. బిందె అంచు మీద, నీళ్ళు కారుతూ, సిరా అంటకుండా.