చేతికి తెలిసే చిలక

నా చిన్నప్పుడు మా బెంగళూరు ఇంటి స్నానాలగదికి తాత మూడు అరల చెక్క స్టాండు చేశాడు. తాతకు వడ్రంగం వృత్తి కాదు, సరదా. రంగులు నన్ను వేయమన్నాడు. ఇంక నేను ఊరుకుంటానా? అంచుల నిండా పచ్చటి చిలకలు, ఎర్రటి పూలు నింపేసి, చూసినవాళ్లు శభాష్ అంటారని కాచుక్కూర్చున్నాను.

నిజానికి ఆ స్టాండు అవ్వ కోసం. ఆమెకు అప్పటికే చూపు బాగా మందగించింది. ఒకరోజు సున్నిపిండి అనుకుని సీకాయపొడి ముఖానికి రుద్దుకుంది. కళ్లు మండి, తడబడి పడబోయింది. అప్పటినుంచి అమ్మ ఆమెను ఒంటరిగా స్నానానికి పంపలేదు, గడియ వేసుకోనివ్వలేదు. అవ్వ రోజూ చేసే స్నానం రెండు రోజులకోసారి చేయడం మొదలుపెట్టింది. కాపలాతో స్నానం ఆమెకెంత చిన్నతనమో నాకప్పుడు తెలియలేదు.

గోడకు బిగించే ముందు తాత నా ముఖానికి సబ్బు నురగ పూసి, స్టాండు ముందు నిలబెట్టాడు.

"నీ చిలక యాడుండాదో చెప్పమ్మా."

తడిమాను. మూడు అంచులూ ఒకేలా నున్నగా తగిలాయి.

"అవ్వకూ ఇంతే కదా," అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. సబ్బు మంట అని బుకాయించాను.

తాత నా రంగులన్నీ గీకేస్తుంటే ఒక పూట అలిగాను కూడా. నేను గీసిచ్చిన బొమ్మలనే ఉలితో ఉబ్బెత్తుగా చెక్కాడు. పై అరకు చిలక, అక్కడ సున్నిపిండి. నడిమి అరకు మామిడిపిందె, అక్కడ సీకాయ. అడుగు అర నూనెగిన్నెకు, దాని అంచు బొమ్మ లేకుండా ఉత్తదే. అవ్వ వేళ్లకు పేడు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దడం నా పని.

స్టాండు గోడకు బిగించిన ఆదివారం అవ్వ లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. అమ్మ తలుపు దగ్గరే నిలబడింది. చెంబు చప్పుడు ఆగినప్పుడల్లా తలుపుకు చెవి ఆనించింది. చివరికి గడియ తీసుకుని, తల తుడుచుకుంటూ అవ్వ బయటికొచ్చింది.

"నీ చిలక ముక్కు శానా పొడుగుండాదమ్మా," అంది.

అమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఎవరికి ఏం చేసినా ముందు ఒకసారి కళ్లు మూసుకుని చూడటం నాకు ఆ రోజు నుంచి అలవాటు. ఇప్పుడు నా చూపూ తగ్గుతోంది. మొన్న మారతహళ్ళి ఫ్లాట్‌లో మనవరాలు బాత్రూమ్‌కు చెక్క అరలు చేయిస్తూ, ఏ రంగు బాగుంటుందని అడిగింది. రంగు నీ ఇష్టమన్నాను. అంచున ఒక చిలకను మాత్రం చెక్కించమన్నాను, ముక్కు కాస్త పొడుగ్గా.