తల్లిచేపను తూచి వదిలిన శనివారం

ముందుగా క్షమించాలి. నా చేతిరాత బాగుండదు. చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. కాగితం మీద రాసి ఇస్తే మా మనవరాలు ఫోనులో ఎక్కిస్తోంది. తను దిద్దినవి పోగా మిగిలిన తప్పులన్నీ నావే. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు, రాసే మనిషిని అసలే కాదు. కానీ గాలం పట్టుకుని మా కృష్ణా డెల్టా వైపు వద్దామనుకునేవాళ్ళు, పట్టిన చేపను తూచి మళ్ళీ నీళ్ళలో వదలాలనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుంటే మంచిదనిపించి రాస్తున్నాను.

మాది ఉయ్యూరు పక్క పల్లె. నేనూ, చిన్ననాటి స్నేహితుడు ప్రకాశమూ ప్రతి శనివారం పామర్రు అవతల సుగుణమ్మ గారి చెరువుకు వెళతాం. ఆవిడ చేపల్ని కూరకు అమ్మరు. తల్లిచేపల్ని పెంచుతారు. అంటే చేపపిల్లల్ని పుట్టించే హేచరీల వాళ్ళు కొనుక్కుపోయే పెద్ద బొచ్చెలు, శీలావతులు. ఏళ్ళ తరబడి మేపిన చేపలవి. ఒంటి మీద గాయం ఉంటే హేచరీ వాళ్ళు తీసుకోరు. బరువు పెరుగుతున్నాయో లేదో చూడటానికి వల లాగితే అన్నీ బెదిరి ఎగిరిపడి, ఒకదాన్నొకటి గుద్దుకుని పొలుసులు ఊడగొట్టుకుంటాయి. అందుకని ఆవిడ మాకొక వెసులుబాటు ఇచ్చారు. వారానికి ఒకటో రెండో గాలానికి పట్టాలి, తూచి బరువు చెప్పాలి, ప్రాణంతో వదలాలి. ఇన్నాళ్ళూ మాకు చిన్నవే పడ్డాయి కాబట్టి నీళ్ళ బకెట్టులో పెట్టి తూచేవాళ్ళం. ఇంట్లో నోరు విప్పని నేను ఆ గట్టు మీద ప్రకాశంతో నాలుగు మాటలు మాట్లాడతాను. వారమంతటికీ నాకున్న కాలక్షేపం అదొక్కటే.

కిందటి నెల పట్నం నుంచి కారులో వచ్చిన కొందరు అక్కడ పెద్ద బొచ్చెను పట్టారట. బజారులో చచ్చిన చేపను తూచినట్టు మొప్పలోంచి కాటా కొక్కెం దూర్చి పైకెత్తారట. ఫొటోలు అయ్యాక వదిలారు. మర్నాటికి అది పొట్ట పైకి పెట్టి తేలింది. ఆ వారం మేం వెళ్ళేసరికి సుగుణమ్మ గారు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “ఇంకొక్క చేప పోయిందంటే ఈ గట్టు మీద గాలం కనపడకూడదండీ. మీదైనా సరే” అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ భయంతోనే, పెద్దది పడితే దెబ్బ తగలకుండా ఎలా తూచాలో తెలుసుకుందామని మొన్న శనివారం పొద్దున్నే విజయవాడ బయల్దేరాను. ప్రకాశానికి మోకాళ్ళ నొప్పి, రానన్నాడు. ఉయ్యూరులో బందరు నుంచి వచ్చే బస్సు పట్టుకుంటే కంకిపాడు, పెనమలూరు మీదుగా గంటలో బెంజ్ సర్కిల్ దగ్గర దింపుతుంది. టికెట్టు యాభై లోపే. ఇది చెరకు లారీలు తిరిగే కాలం కాబట్టి ఉయ్యూరు దాటేవరకు బస్సు నడిచినట్టే పోతుంది. ఆ ఆలస్యం కలుపుకుని బయల్దేరండి. కంకిపాడు దగ్గర వరికోతలు సాగుతున్నాయి. మామూలుగా అయితే కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడిని. ఆరోజు మాత్రం చచ్చి తేలిన ఆ చేపే కళ్ళ ముందు కనిపించింది.

బెంజ్ సర్కిల్‌లో రోడ్డు దాటడం నాలాంటి వాడికి పెద్ద పనే. జనంతో పాటు దాటి, ఒక సందులో ఉన్న గాలాల షాపు వెతుక్కున్నాను. షాపు రఫీ అనే ఆయనది, నలభై ఏళ్ళుంటాయి. నేను చెప్పలేక చెప్పలేక చెబుతుంటే ఓపిగ్గా విని, మెత్తటి వలగుడ్డతో కుట్టిన జోలె ఒకటి తీశారు. పసిపిల్లల ఉయ్యాల లాగే ఉంది. రెండు వైపులా కర్రలు, పైన కాటాకు తగిలించే రింగు. జోలె, చేతిలో పట్టే కాటా రెండూ కలిపి పన్నెండు వందలయ్యాయి.

రఫీ గారు చెప్పినవన్నీ నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. చేప ఒంటి మీది జిగురే దానికి రక్షణ. పొడిగా ఉన్నదేదీ దానికి తగలకూడదు, మన చెయ్యైనా, తువ్వాలైనా, నేలైనా. జిగురు పోయిన చోట బూజు పడుతుంది, పుండవుతుంది. అందుకని జోలెను ముందే నీళ్ళలో ముంచి, ఆ తడి జోలెనే ఖాళీగా కాటాకు తగిలించి సున్నా చేసుకోవాలి. అన్నీ సిద్ధమయ్యేదాకా చేపను నీళ్ళలోనే ఉంచాలి. మొప్పల్లో వేలు పెట్టకూడదు. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక మొదట్లో. పైకి ఎత్తినా జానెడు ఎత్తుకు మించకుండా, కింద నీళ్ళే ఉండేట్టు చూసుకోవాలి, జారినా నీళ్ళలోనే పడుతుంది. ఎంతసేపు ఎత్తి ఉంచొచ్చని అడిగాను.

“ఎత్తేటప్పుడు మీరూ ఊపిరి బిగబట్టండి తాతగారూ. మీకు ఆగనప్పుడు దానికీ ఆగనట్టే.”

“నాకు ఆయాసం బాబూ” అన్నాను.

“మరీ మంచిది. తొందరగా దించుతారు” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తిరుగు బస్సులో ఆయన చెప్పినవన్నీ లోపల్లోపల వల్లె వేసుకుంటూ కూర్చున్నాను.

ఉయ్యూరులో ప్రకాశాన్ని కలుపుకుని బస్టాండు దగ్గర మెస్సులో భోంచేశాం. చెరువు దగ్గర టీ కూడా దొరకదు, వచ్చేవాళ్ళు ఇక్కడే తినేసి బయల్దేరాలి. పామర్రు దాకా బస్సు, అక్కడి నుంచి గుడివాడ దారిలో షేరు ఆటో. మనిషికి ముప్పై తీసుకుంటారు. ఆటో డ్రైవరు నా ఒళ్ళో జోలెను చూసి, మనవడికా మునిమనవడికా అని అడిగాడు. “చేపకి” అన్నాడు ప్రకాశం. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఎండ తగ్గే వేళకు చెరువు దగ్గర దిగాం. సుగుణమ్మ గారు ఎదురొచ్చి మమ్మల్ని గట్టు మీదికి తీసుకువెళ్ళారు. నీళ్ళ అంచున కొత్త వరిగడ్డి మందంగా, సమంగా పరిచి ఉంది. పెళ్ళివారికి పడక వేసినట్టుంది. పోయిన చేపను గట్టినేల మీద పడేశారట, అందుకని ఈసారి దెబ్బ తగలకుండా తనే కుప్ప నుంచి మోసుకొచ్చి పరిచానన్నారు. మాకది కొత్తేమీ కాదు. మామిడికాయ దాచినా, గుడ్లు దాచినా, కుండ దించినా గడ్డే వేస్తాం. మెత్తన అంటే మాకు గడ్డే. కానీ అది పొడిది. గరుకుది. రఫీ గారు వద్దన్నవన్నీ అందులో ఉన్నాయి.

చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆవిడ గంటల తరబడి వంగి పరిచిన గడ్డిని వద్దనడం ఎలా? ప్రకాశాన్ని పక్కకు లాగి సంగతి చెప్పి, నువ్వు చెప్పరా అన్నాను.

“షాపుకెళ్ళింది నువ్వా నేనా? నీ పెళ్ళిచూపుల్లో కూడా నీ బదులు నేనే మాట్లాడానురా. ఇహ నావల్ల కాదు” అన్నాడు.

సరే, చేప పడ్డాక చెబుదాంలే, అసలు పడుతుందో లేదో అనుకున్నాను. జోలెను నీళ్ళలో ముంచి, కాటా సున్నా చేసి, తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన ముద్ద గాలానికి పెట్టి వేశాను. పడకపోతే బాగుండునని కోరుకుంటూ గాలం వేయడం నా జన్మలో అదే మొదటిసారి.

పొద్దు వాలుతుండగా పడింది. గాలం తంగూసు దారం ఒక్కసారి బిగిసి, చెరువు మధ్యకు లాగడం మొదలుపెట్టింది. చిన్నది కాదని చేతికి తెలిసింది. ఎక్కువసేపు ఆడిస్తే చేప అలిసిపోయి ప్రాణం మీదికి వస్తుంది, గట్టిగా లాగితే నోరు చిరుగుతుంది. రెండింటి మధ్యా ఎలాగో ఒడ్డుకు తెచ్చాను. ప్రకాశం మోకాళ్ళ నొప్పి మరిచి నీళ్ళలోకి దిగి చేతివల కింద పెట్టాడు. బొచ్చె. తల నా రెండు దోసిళ్ళంత ఉంది. నేను గాలం పక్కన పెట్టి జోలె అందుకునేలోగా సుగుణమ్మ గారు కంగారుగా వల అంచు పట్టుకుని గడ్డి మీదికి లాగేశారు. చేప ఒక పక్కకు పడి, గడ్డి మీద తోకతో దబదబ కొట్టుకుంది.

“వద్దమ్మా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “గడ్డి వద్దు. నీళ్ళలోకి తోసెయ్యండి. ముందు నీళ్ళలోకి.”

ఆవిడ బిత్తరపోయి నన్ను చూశారు. ఆ వెంటనే వలను నీళ్ళలోకి జరిపారు. చేప వలలోనే నిలబడింది. దాని ఎడమ పక్కన గడ్డి పోచలు అతుక్కుని ఉన్నాయి. నీళ్ళలో అవి విడిపోయాక అరచేతి మేర మెరుపు లేని మచ్చ కనిపించింది. మూడు నాలుగు పొలుసులు లేవు.

ఇక ఆలస్యం చేయలేదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతులు తడుపుకున్నాను. గాలం తీసేశాను, పెదవికే ఉంది, సులువుగా వచ్చింది. నీళ్ళలోనే జోలెను చేప కిందికి పోనిచ్చి రెండు వైపులా మూశాం. జోలె రింగుకు కాటా తగిలించి, ఊపిరి బిగబట్టి ఎత్తాను. ప్రకాశం కాటా చూస్తూ అంకె నిలిచేదాకా ఆగమన్నాడు. నాకు ఆగలేదు. దించేశాను.

“పదకొండు కిలోల పైనే. పైన ఎంతో చూళ్ళేదు, నువ్వు ఆగితేగా” అన్నాడు ప్రకాశం.

“పైనేగా. చాల్లెండి” అన్నారు సుగుణమ్మ గారు. ఆవిడ కళ్ళు బరువు మీద లేవు, ఆ మచ్చ మీదే ఉన్నాయి.

జోలె తెరిచాను. చేప కదల్లేదు. చెయ్యి తీస్తే పక్కకు ఒరుగుతోంది. పొట్ట కింద చెయ్యి పెట్టి నిటారుగా పట్టుకుని నిలబడ్డాను. ముందుకీ వెనక్కీ ఊపొద్దని, ఊరికే పట్టుకుని ఉండమని రఫీ గారు చెప్పారు. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నీళ్ళు చల్లబడుతున్నాయి. గట్టు మీద సుగుణమ్మ గారు పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నారు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఉన్నట్టుండి నా చేతిలో దాని ఒళ్ళు గట్టిపడింది. తోక ఒకసారి విదిల్చి, నా ముఖం మీద నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది.

సంతోషం వెంటనే రాలేదు. ముగ్గురం గట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా నీళ్ళు చూశాం. ఒకసారి అవతలి ఒడ్డున ఏదో తెల్లగా కనిపిస్తే ప్రకాశం లేచి వెళ్ళి చూసొచ్చాడు. కొంగ.

“బతుకుద్దంటారా బాబాయి గారూ?” అని అడిగారు సుగుణమ్మ గారు.

“తెలీదమ్మా.”

“గడ్డి పరిచింది నేనేగా.”

“నేను ముందే చెప్పాల్సిందమ్మా. వచ్చినప్పుడే చూశాను.”

మేం లేచేటప్పుడు ఆవిడ, “వచ్చే శనివారం రండి. గాలాలు తేవద్దు. ఊరికే రండి, చెరువు చుట్టూ తిరిగి చూద్దాం. తర్వాత సంగతి తర్వాత” అన్నారు.

ఇంటికొచ్చాక నిద్ర సరిగ్గా పట్టలేదు. చేపను తూచడం నేర్చుకోవడానికి అంత దూరం వెళ్ళాను. నేర్చుకున్నాను కూడా. జోలె బాగానే పనిచేసింది, కాటా బాగానే పనిచేసింది. పనిచేయనిది నా నోరు. ఇన్నేళ్ళూ తక్కువ మాట్లాడటం మంచితనమనుకున్నాను, ఎవరినీ నొప్పించలేదు కదా అని. ఆ సాయంత్రం ఒకావిడ కష్టాన్ని కాదనలేక ఆగాను. ఆ ఆగిన కాసేపట్లో చేప ఒంటి మీద అరచేతి మేర జిగురు పోయింది. ఇక్కడికి వచ్చేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. జోలె తడిపి కాటా సున్నా చేసుకున్నాక, గాలం నీళ్ళలో వేయకముందే గట్టు మీద ఉన్న ప్రతివాళ్ళకీ చేపను ఎక్కడ ఉంచాలో, ఎవరు పట్టుకోవాలో, దేని మీద పెట్టకూడదో చెప్పేయండి. మొహమాటపడితే గాలం వేయకండి.

ఇది రాసేనాటికి మూడు రోజులైంది. సుగుణమ్మ గారు రోజూ పొద్దున్నే మా మనవరాలి ఫోనుకు ఒక్కమాట పంపుతున్నారు, ఇంకా తేలలేదని. జిగురు పోయిన చోట బూజు ఎన్నాళ్ళకు పడుతుందో, పడకపోతే ఎన్నాళ్ళకు భయం తీరినట్టో నాకు తెలియదు. చెరువులో ఉండగానే చేయగలిగినది ఏమైనా ఉందో లేదో కూడా తెలియదు. చేపల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే దయచేసి త్వరగా జవాబు రాయండి. శనివారం లోపల అయితే మేలు. ఆవిడ మళ్ళీ అడిగితే ఈసారి తెలీదమ్మా అనకూడదని ఉంది.