రాజుగారు చూపించిన ప్రోటీన్

హనుమంతరాజు గారి గురించి భీమవరంలో ఎవరినడిగినా మంచిమాటే చెబుతారు. ఆయన గుమ్మం తొక్కినవాడు కడుపునిండా తినకుండా, ఇంట్లో కొత్తగా ఏం కొన్నారో చూడకుండా బయటపడలేడు. రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగి, జీవరసాయన శాస్త్రం చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో పీజీ విభాగానికి హెడ్డయినా ఆ అలవాటు పోలేదు. పోవాలని ఆయనకీ లేదు.

రెండువేల నాలుగులో ఆ విభాగానికి ఒక ప్రోటీన్ వచ్చింది. థర్మకోల్ పెట్టె, అందులో పొగలు కక్కే డ్రై ఐస్, దాని మధ్య చిటికెనవేలంత ట్యూబు. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి తయారుచేసిన సరుకది. మన కణాల్లో సరుకు నింపుకుని తిరిగే చిన్నచిన్న సంచులుంటాయి. ఏ సంచి ఎక్కడికి చేరాలో చూసుకునేది ఈ ప్రోటీనే.

"కడియం నుంచి మొక్కల లారీలు బయల్దేరతాయి కదండీ. ఏ లారీ ఏ ఊరెళ్ళాలో చెప్పేవాడు లేకపోతే ఏమవుద్దండి? వీడు ఆ చెప్పేవాడన్నమాట," అని రాజుగారు వివరించేవారు. వినేవాళ్ళకి ఇట్టే అర్థమైపోయేది. అదే కొంప ముంచింది.

వినేవాళ్ళంటే ఎవరనుకున్నారు? కాలేజీకి వచ్చిన ప్రతివాళ్ళూను. సెక్రటరీ గారి వియ్యంకుడు, రొయ్యల మేత డీలరు, చివరికి రాజుగారి భార్య అలివేలుమంగ గారి అక్కచెల్లెళ్ళు కూడా. అందరినీ ల్యాబుకి తీసుకెళ్ళి, ఫ్రీజర్ తీసి, ట్యూబు అరచేతిలో పెట్టేవారు. "పట్టుకోండి, భయమేం లేదు. మనిషిదేనండి." చేతివేడికి లోపలిది కరిగేది, మళ్ళీ ఫ్రీజర్లో పెడితే గడ్డకట్టేది. అలా కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ ప్రోటీన్ కొంత చచ్చిపోతుందని ఆయనకి తెలియదా అంటే, క్లాసులో ఆ పాఠం చెప్పేదే ఆయన. ఒక్క నిమిషానికి ఏమవుతుందిలే అనుకున్నారు.

ఆ ప్రోటీన్ మీద ప్రాజెక్టు ప్రిస్కిల్లాది. మొగల్తూరు పక్క పల్లెలో బడిపంతులు ఆశీర్వాదం గారి కూతురు. ప్రాజెక్టులో మంచి మార్కులొస్తే హైదరాబాదులో పరిశోధనకి సీటు వస్తుంది. పెట్టె విప్పిన రోజే అడిగింది.

"సార్, చిన్న ట్యూబుల్లోకి పంచి పెట్టేద్దామండి. కావలసినప్పుడు ఒక్కటే తీసుకోవచ్చు."

"పంచేస్తే చూపించడానికేం ఉంటుందమ్మా? నాలుగు రోజులాగు."

ఆ నాలుగు రోజులు నెలలయ్యాయి. తీరా ప్రయోగం చేస్తే ఏమీ రాలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ రాలేదు. రాజుగారికి కారణం తెలిసిపోయింది. తెలిసీ, "చెయ్యి కుదురుగా ఉండాలమ్మా," అన్నారు. అన్నందుకు ఆ పూట అన్నం సయించలేదు. సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. పెద్దమనుషుల సిగ్గు అంతేగా, లోపల్లోపలే కుములుతుంది, ఎవరికీ అక్కరకు రాదు.

వైవాకి విశాఖపట్నం నుంచి వచ్చిన ఎగ్జామినరు రిపోర్టు తిరగేసి, "ప్రోటీన్ చచ్చిపోయినట్టుంది. ఎన్నిసార్లు కరగనిచ్చావమ్మా?" అని అడిగారు.

ప్రిస్కిల్లా రాజుగారి వైపు చూసింది. రాజుగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"జాగ్రత్త చాల్లేదండి. పొరపాటు నాదే," అంది ఆ పిల్ల. ఎగ్జామినరు పాసు మార్కులతో సరిపెట్టారు. హైదరాబాదు ఆశ అక్కడితో ముగిసింది.

సాయంత్రం కూతుర్ని ఊరికి తీసుకెళ్ళడానికి ఆశీర్వాదం గారు వచ్చారు. రాజుగారు కుర్చీలోంచి లేచారు. ఆ మాస్టారికి నిజం చెప్పేద్దామనే లేచారు. వరండాలో ఎదురుపడగానే ఆ పెద్దాయన రెండు చేతులూ జోడించారు.

"మా అమ్మాయి వల్ల తమరికి నష్టం జరిగిందటండి. ఎంతో దూరం నుంచి తెప్పించిన సరుకంట. పెద్ద మనసు చేసుకుని మన్నించాలండి."

పక్కనే నిలబడి ప్రిస్కిల్లా రాజుగారి మొహంలోకే చూస్తోంది. ఆయన చెప్పవలసింది గొంతుదాకా వచ్చింది. కానీ పుట్టిన దగ్గర్నుంచీ మర్యాదకే అలవాటుపడ్డ నోరు కదా, దాని పని అది చేసుకుపోయింది.

"అయ్యో, దానికేముందండి మాస్టారూ, పర్వాలేదు," అన్నారు హనుమంతరాజు గారు. "లోపలికి రండి, కాఫీ తాగి వెళుదురుగాని."

ప్రిస్కిల్లా చప్పున తల దించుకుంది. తన తరఫున ఆ పిల్ల సిగ్గుపడుతోందని ఆయనకి అర్థమైంది.