మాట అందించకండి

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది నన్ను చెవి, ముక్కు, గొంతు విభాగం నుంచి పక్షవాత రోగుల పునరావాస విభాగానికి మార్చారు. పుదుచ్చేరిలో నేను పనిచేసిన ఆ ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు హోదా కాగితం మీద ఫిజియోథెరపిస్టుతో సమానమే. వార్డులో మాత్రం మాది చివరి వరుస. రోగి నాలుగడుగులు వేస్తే చాలు, బంధువులు స్వీట్లు పంచి ఇంటికి తీసుకుపోయేవారు. మాట దానంతటదే వస్తుందిలే అనుకునేవారు. రాదు మొర్రో అని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేది.

ఆ ఏడాదే మా తెలుగు క్రైస్తవ సంఘం పెద్ద ఎస్. జ్ఞానప్రకాశంగారికి పక్షవాతం వచ్చింది. ఊరి శివారు మూలకుళంలో ఇల్లు, బట్టల మిల్లులో చేసి రిటైరైన మనిషి. మా సంఘం చిన్నది. ఆదివారం తమిళ ఆరాధన ముగిశాక అదే గుడిలో మేము కూడుకుంటాం. మాలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాక్యాలు తమిళ లిపిలో రాసుకుని చదువుతారు. జ్ఞానప్రకాశంగారికి ఏ లిపితోనూ పని లేదు. ప్రార్థనలు, పాటలు అన్నీ కంఠస్థం. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇంట్లో పొయ్యి మీద కూర మాడినట్టేనని ఆడవాళ్లు గుసగుసలాడుకునేవారు.

మెదడులో ఎడమ భాగం దెబ్బతిని ఆయనకు కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పదలచుకున్నది నోటికి రాదు. దీన్ని మేము అఫేసియా అంటాం.

డిశ్చార్జి అయిన తర్వాత మొదటి ఆదివారం ఆయన్ను కుర్చీలో గుడికి తీసుకొచ్చారు. పరలోక ప్రార్థన మొదలవగానే అందరి గొంతులతో పాటు ఆయన గొంతూ లేచింది. మొదటి మాట నుంచి ఆమెన్ దాకా ఒక్కటీ తప్పలేదు. గుడంతా ఏడ్చింది. పాస్టర్ అయ్యగారు స్వస్థత జరిగిందని ప్రకటించి, కాస్త బలం పుంజుకోగానే పెద్దాయన ఆ మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెబుతారన్నారు. చిన్ననాటి నుంచి వల్లించిన ప్రార్థన, పాట, అంకెల వరుస ఇలాంటి రోగుల్లో చాలామందికి మిగిలే ఉంటాయి. కొత్తగా ఒక వాక్యం కట్టడం వేరే పని. ఆ పని ఆయనకింకా చేతకాదు.

అందరూ సంతోషపడుతుంటే ఆయన భార్య రూతమ్మగారు మాత్రం తలవంచుకుని కూర్చున్నారు. మర్నాడు ఒంటరిగా నా ఓపీ గదికి వచ్చారు.

"దేవునితో అంతా పలికె. నాతో ఒక్క మాట లేదు, సుమ్మా, ఊరికే కూసోని ఉంటాడు. నా మింద కోపమా అని అడిగితే మొగం గోడ పక్క తిప్పుకునె" అన్నారు.

పక్షవాతం వచ్చిన పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారట. గుడిలో గంటలు గంటలు మాట్లాడే మనిషివి, ఇంట్లో నాకు ఒక్క మాట మిగల్చవా అని ఆమె గట్టిగానే అన్నదట. ఆ మాటే తగిలి ఆయన పడిపోయాడని, అందుకే ఇప్పుడు ఆమెతో మాట్లాడడం లేదని ఆమె నమ్మకం. మొహం తిప్పుకోవడం కోపం కాదని, మాట రాని రోగులు విసిగిపోయి అలాగే చేస్తారని, కాగితం మీద మెదడు బొమ్మ గీసి మరీ వివరించాను. ఓపికగా విన్నారు. లేచి వెళ్తూ అన్నారు: "నీ చదువు అట్ల చెప్తాది విమలమ్మా. ఆయన నోట రానీ."

చికిత్స మొదలుపెట్టాం. ఇలాంటివారికి రాగం ఆసరా అవుతుంది. 'నీళ్లు కావాలి', 'కాలు నొప్పి' వంటి చిన్న మాటలను పాటలాగా సాగదీసి, ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేయిస్తూ పలికిస్తాం. తర్వాత మెల్లగా రాగం తగ్గిస్తాం. నా గదిలో ఆయన బాగానే పలికేవారు. ఇంటికి వెళ్తే మళ్లీ మూగనోము.

కారణం కనిపెట్టడానికి మూలకుళం వెళ్లాను. రోజూ సాయంత్రం సంఘం వాళ్లు అరటిపళ్లు, హార్లిక్సు పట్టుకుని వరుసకట్టేవారు. ఆయన నోరు తెరిస్తే చాలు, నలుగురూ నాలుగు మాటలు అందించేవారు. కాఫీనా, కిటికీ మూయాలా, అయ్యగారిని పిలవాలా అని. పాపం ఆయన ఏదో ఒకదానికి తలూపేసేవారు. ఆ నెలల్లో ఆయన అడగని కాఫీలు ఎన్ని తాగారో దేవుడికే తెలియాలి. ఇంత ప్రేమతో మనిషి నోరు కట్టేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

రాకపోకలు ఆపమని చెప్పడం తేలిక. కానీ మనుషుల్లేని ఇంట్లో మాట ఇంకా త్వరగా ఎండిపోతుంది. రోగి విషయం బయట మాట్లాడకూడదన్నది మా వృత్తి నియమం. అందుకని ఆయన్ను, రూతమ్మగారిని అడిగి, వాళ్లు సరేనన్నాకే పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లాను. అయ్యగారికి నా వివరణ రుచించలేదు. మరి మన ప్రార్థనకు విలువ లేదా అని అడిగారు. ప్రార్థన చేశాం కదా, ఇక ఆయన మాట కోసం ఆగడం కూడా మన వంతే అన్నాను. ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు ఆ సాక్ష్యం రద్దుచేసి, తాను తొందరపడ్డానని సంఘం ముందు ఒప్పుకున్నారు. అలా ఒప్పుకునే పాస్టర్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ రోజు ఆరాధన తర్వాత సంఘానికి పాఠం చెప్పాను. ఒక్కరే మాట్లాడాలి. అడిగాక నోరు మూసుకోవాలి. మాట అందించకూడదు. అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించకూడదు. వినడానికి సులువు, చేయడం నరకం. స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఆగలేక కొంగు నోట్లో కుక్కుకునేవారు. అయినా ఆగారు, అందరూ నేర్చుకున్నారు. కొన్ని వారాలకు ఆయన ఇంట్లో నీళ్లు, దిండు తానే అడిగి తెప్పించుకోసాగారు. రూతమ్మగారి ముఖం మాత్రం తేరుకోలేదు.

మా ఆరాధనలో కృతజ్ఞతలు చెప్పే సమయం ఒకటుంటుంది. ఎవరైనా లేచి ఒక మాట చెప్పవచ్చు. వానలు మొదలైన ఒక ఆదివారం జ్ఞానప్రకాశంగారు ఎడమ చెయ్యి ఎత్తి, పక్కవాళ్లు పట్టుకుంటే లేచి నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ముందున్న బల్ల అంచున వేళ్లతో తాళం వేసుకుంటున్నారు. ఎవరూ మాట అందించలేదు. చూపు అయ్యగారి వైపు లేదు, నా వైపూ లేదు. ఆడవాళ్ల వరుసలో రూతమ్మగారి మీద ఉంది.

"కోపం" అన్నారు. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. "లేదు."

దేవుడికి మన మీద కోపం లేదని సాక్ష్యం చెప్పారనుకుని సంఘమంతా ఆమెన్ అంది. అయ్యగారు దాని మీద చిన్న ప్రసంగం కూడా చేశారు. రూతమ్మగారు ఆ ప్రసంగం వినలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన వైపు చూసి, "సరే, కూసో" అన్నారు.

జ్ఞానప్రకాశంగారికి మాట పూర్తిగా తిరిగి రాలేదు. రెండు మూడు మాటల దగ్గరే ఆగింది, అది వైద్యపరంగా మామూలే. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి రోగి బంధువులనూ మొదటి రోజే ఒకటి అడిగేదాన్ని: ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎవరు, వాళ్లను ఒకసారి నా దగ్గరికి తీసుకురాగలరా అని. చికిత్స గదిలో రోగి కోసం నేను అరగంట మాత్రమే ఆగగలను. మిగతా వారమంతా ఆగే పని సంఘానిది.