బెరిల్ గిన్నె

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా వీధి బెరిల్ హ్యాక్స్‌బీ నవ్వితే బుగ్గల మీది పౌడరు పెచ్చులుగా రాలుతుంది. కరోనా రోజుల్లో ప్రతి గురువారం సాయంత్రం వీధంతా గుమ్మాల్లో నిలబడి నర్సులకు చప్పట్లు కొడుతుంటే, ఈవిడ గరిటెతో గిన్నె వాయించేది. పక్కింటి నర్సు ఇమెల్డా డ్యూటీ దిగి ఇంటికి రాగానే, ఇద్దరి ఇళ్లకూ ఉమ్మడిగా ఉన్న మెట్ల కమ్మీ మీద అదే గిన్నెతో బ్లీచు నీళ్లు కుమ్మరించేది, ఆ పిల్ల చూస్తుండగానే. ఆ కంపు ఇంకా నా ముక్కులోనే ఉంది.

మొన్న సర్వే అబ్బాయి వచ్చి, ఆ రోజుల్లో డబ్బుపరంగా, మనసుపరంగా ఏం నష్టపోయారని అడిగాడు.

"అందరం కలిసే పడ్డాం నాయనా కష్టాలు. బంగారంలాంటి గిన్నె, సొట్టలు పడిపోయింది చూడు!" అంటూ బెరిల్ కళ్లొత్తుకుంది. అప్పుడే బయటికొస్తున్న ఇమెల్డాను చూసి, "నువ్వూ చెప్పమ్మా, మొహమాటమెందుకు?" అంది.

ఇమెల్డా మంచు గడ్డకట్టిన మెట్ల మీద ఒక్కో అడుగే వేస్తూ దిగి వెళ్లింది, ఇప్పటికీ ఆ కమ్మీ పట్టుకోకుండానే.